గంజి చీర

అమ్మ చీరలతో బొంత కుట్టిద్దామని పిన్నిని పిలిచింది నేనే. తీరా ఆమె ముదలియార్‌పేట నుంచి బస్సెక్కి, సూదీ దారం సంచిలో వేసుకుని ముత్తియాల్‌పేటలోని మా ఇంటికి వచ్చేసరికి నాకు ఆమె మీదే కోపం వచ్చింది. మంచినీళ్లు కూడా విసురుగానే ఇచ్చాను. అక్కను పోగొట్టుకున్న మనిషి, తాగి గ్లాసు తనే కడిగిపెట్టింది.

బొంతకు చీరలు ఊరికే పరిచేస్తే చాలదు. అంచులు చింపెయ్యాలి, ఫాల్ విప్పాలి, వేడినీళ్లలో నానబెట్టి గంజి పూర్తిగా వదిలించాలి. లేకపోతే సూది దిగదు. దిగినా మొదటి ఉతుక్కే ఒక పొర ముడుచుకుని బొంతంతా గుంటలు పడుతుంది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని అంచులు చింపినదాన్ని, ఇవన్నీ నాకు తెలుసు. అందుకే పిన్ని వచ్చేలోపే చీరలన్నీ ఉతికి మిద్దె మీద ఆరేశాను, ఒక్కటి తప్ప.

అది ఆకుపచ్చ నూలు చీర. అమ్మ పోయే ముందు వారం తనే గంజి పెట్టి ఆరేసింది. ఒక కొస గడ్డం కింద నొక్కిపట్టి, ఒక్కతే మడతపెట్టి బీరువాలో పెట్టింది. మళ్లీ కట్టుకోలేదు. ఆ గంజి ఆ రోజు మాకు వండిపెట్టిన అన్నం వార్చినది. ఆ మడత ఆమె చేతిది. ఏడాదిగా నేనూ విప్పలేదు. బీరువా తీసినప్పుడల్లా దాని మీద చెయ్యి వేస్తే గరగరలాడేది. అమ్మ చేసిన పనుల్లో ఇంకా చెడిపోకుండా మిగిలింది అదొక్కటే.

పిన్ని ఆరిన చీరలన్నీ తిరగేసి చూసింది.

"ఆ పచ్చది యాడ?"

"అది ఉతకొద్దు పిన్నీ. అట్లనే నడిమధ్య పెట్టేద్దాం."

"గంజితోనా? పురుగూ పూచ్చీ పడతాదే! బొంతంతా తూట్లు పొడిచేస్తాది. మీ అమ్మ ఉంటే నన్ను తిట్టుండేది, నిన్ను కాదు."

"అయితే దాన్ని వదిలెయ్."

"వదిలేసి? బీరువాలో పెట్టి పూజ చేస్తావా ఏంది? ఆడ మాత్రం పూచ్చి రాదా?"

బీరువా తీసి, ఆ చీర తెచ్చి ఆమె ఒళ్లో పడేశాను. పిన్ని మడత విప్పుతుంటే చీర పెళపెళమంది. బకెట్లో ముంచగానే నీళ్లు తెల్లబడ్డాయి. ఆ నీళ్లు పారబొయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఆమే తీసుకెళ్లి కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది. మధ్యాహ్నానికి చీర ఆరింది. కళ్లు మూసుకుని ముట్టుకుంటే అన్నిట్లో అది ఏదో తెలియనంత మెత్తబడిపోయింది.

నడవలో పరిచాం. ముతకవి కిందికి, మెత్తవి పైకి. ఒక్కో పొరనూ పిన్ని మోకాళ్ల మీద కూర్చుని, నడిమధ్య నుంచి అంచుల దాకా అరచేత్తో సాపు చేస్తూ వచ్చింది. అన్నిటికన్నా పైన పచ్చ చీర వేసి, మూలలకు ఇత్తడి చెంబులు బరువు పెట్టింది.

మా ఇంట్లో కుట్టు వేసే ముందు, బొంత ఎవరిదో వాళ్లను దాని మీద పడుకోబెట్టి చూస్తారు. వీపుకు నేల గట్టిగా తగిలితే ఇంకో పొర వేస్తారు. పడుకున్నవాళ్లు కదలకూడదు, పొరలు జరిగిపోతాయి.

"పడుకో," అంది పిన్ని.

"యాభై ఏళ్లదాన్ని పిన్నీ!"

"బొంతకి నీ వయసెందుకు? పడుకో."

పడుకున్నాను. నేల తగల్లేదు. ఎన్నాళ్లుగా అదిమిపెట్టుకున్నానో, ఏడుపు తన్నుకొచ్చింది. ఒళ్లంతా అదిరిపోతోంది.

"సుమ్మా ఉండు, కదలబాక. ఇంతసేపూ సాపు చేసింది నేను."

"నాకు అమ్మ కావాల పిన్నీ."

సూదిలోకి దారం ఎక్కిస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. సూదిని జాగ్రత్తగా రవికెకు గుచ్చుకుంది.

"నాకు మాత్రం మా అక్క వద్దా ఏంది? రవంత జరుగు," అని నా పక్కన పడుకుంది.