దారి బోర్డుల అంకుల్

దేశ రాజధానిని ఆనుకుని ఉన్న వైశాలిలో నేను అద్దెకుండే ఇంటి ఓనరు, కింది వాటా అంకుల్, పోయిన ఆదివారం గుండెపోటుతో చనిపోయారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టగానే చేతులు జోడించిన బొమ్మలు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. వీధి మలుపులో బోర్డు కనపడటం లేదు, కాస్త చూడండి అని బతికుండగా ఆయన ఎన్నిసార్లు రాసినా వీళ్లలో ఒక్కరి వేలూ కదల్లేదు. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు.

ఆయన కాకినాడ వైపు మనిషి. రోడ్ల శాఖలో దారి బోర్డులు చేయించే పనిలో చేరి, అందులోనే రిటైరయ్యారు. ఎటు వెళ్లినా బోర్డు దగ్గర ఆగి, వేలి ఉంగరంతో టకటకా కొట్టి చూసేవారు. నేను ఉద్యోగానికి వచ్చిన కొత్తలో అశోకా రోడ్‌కి ఆంధ్రా భోజనానికి తీసుకెళ్లి, తిన్నది అరిగేదాకా బోర్డుల చుట్టూ తిప్పారు. మొదట్లో రాతి మీద చెక్కేవారట. తర్వాత పోత ఇనుములో అక్షరాలు ఉబ్బెత్తుగా పోశారు. ఆ తర్వాత పింగాణీ పూత వచ్చింది. ఇనుపరేకు మీద గాజుపొడి అద్ది కొలిమిలో కాలిస్తే, ఎండకీ వానకీ వెలవని అక్షరం.

"దీనికి శత్రువు రాయి ఒక్కటేనమ్మా. పెచ్చు ఊడిందా, అక్కణ్ణించి తుప్పు మొదలు," అనేవారు.

ఇప్పటి అల్యూమినియం రేకుల మీది స్టిక్కర్లనీ తీసిపారేయలేదు. హెడ్‌లైటు పడితే వెలిగేది అందులోని సన్నటి గాజుపూసలేనని ముచ్చటపడేవారు. పాత పింగాణీ బోర్డులు కొని గోడలకి తగిలించుకునే షోకిలారాయుళ్లంటే మాత్రం ఒళ్లుమంట. గురుగ్రామ్‌లో ఒక కాఫీ హోటల్లో మేనేజరు మొహం మీదే, "దారి చూపించేదాన్ని తెచ్చి దిష్టిబొమ్మని చేశారు గదయ్యా," అన్నారు. అతను తెలుగు రాక థాంక్యూ చెప్పాడు.

అంతకంటే నీచం, ఆయన దృష్టిలో, ఫ్లెక్సు. మా మలుపులో ఆసుపత్రికి కుడివైపు వెళ్లమనే బోర్డు ఉంది. ఎడమకి తిరిగితే గోడే. ఏ గల్లీ నాయకుడు పుట్టినరోజు చేసుకున్నా ఫ్లెక్సు కట్టేది దానికే. అంకుల్ కత్తెర పట్టుకెళ్లి తాళ్లు కోసి వచ్చేవారు. "బోర్డు ఊళ్లోవాడికి కాదమ్మా, కొత్తవాడికి," అనేవారు. దిక్కు తెలియని ఈ నగరంలో నన్ను మనిషిని చేసింది కొత్తవాళ్ల మీద ఆయనకున్న ఆ ఓపికే.

సంతాప సభ రోజు కాలనీ అసోసియేషన్ పెద్దమనుషుల నిర్వాకం వినండి. ఆయన ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సు కొట్టించి, సరిగ్గా ఆ ఆసుపత్రి బోర్డుకే కట్టారు. కింద వీళ్ల ఫొటోలు, ఆయనదానికంటే పెద్దవి. అభిమానానికి బుర్ర అక్కర్లేదు కాబోలు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మేమంతా అక్కడ నిలబడి ఉండగానే ఒక ఆటో వచ్చింది. వెనక సీట్లో తల్లి ఒళ్లో పసిపాప ఎగశ్వాసతో ఉంది. డ్రైవరు అటూ ఇటూ చూసి ఎడమకి తిప్పాడు. నేను అరిచినా వినపడలేదు.

అంకుల్ భార్య గబగబా పక్కనే ఉన్న ఇంట్లోకెళ్లి కూరగాయల కత్తి తెచ్చారు. ఇందులో అంకుల్ ఫొటో ఉందంటూ అసోసియేషన్ సెక్రెటరీ అడ్డం వచ్చాడు.

"ఆంటీజీ, యే క్యా? ఇస్ మే అంకుల్‌జీ కా ఫొటో హై!"

"ఫొటో ఘర్ మే హై, భయ్యా," ఫొటో ఇంట్లో ఉందిలే అని అతనికి చెప్పి, ఆంటీ నాకేసి తిరిగారు. "ఆ కొస నువ్వు పట్టుకోవే అమ్మాయ్."

తాడు తెగి అంకుల్ మొహం సగానికి మడతపడింది. గోడ దాకా వెళ్లిన ఆటో రివర్సులో వచ్చింది. డ్రైవరు తలెత్తి చదువుకుని కుడివైపు తిరిగాడు. ఫ్లెక్సు కాళ్ల దగ్గరే పడి ఉంది. కత్తి చేత్తో పట్టుకుని, ఆటో కనుమరుగయ్యేదాకా ఆంటీ అటే చూస్తూ నిలబడ్డారు.