కొమ్మలెగిరిన మామిడిచెట్టు

ఆ రోజుల్లో కంప్యూటరున్న గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విప్పాలి. ఆ యంత్రానికి దుమ్ము పడదని అందరూ అనుకునేవాళ్లు, నాకు తెలివి ఎక్కువని నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. ఎనభైల చివర్లో మా బాబాయి నూజివీడులో కంప్యూటర్ క్లాసులు పెట్టి, విజయవాడలో ఆర్నెల్లు బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకొచ్చిన నన్ను మాస్టార్ని చేశాడు. కంప్యూటరొచ్చింది, మాస్టారొచ్చాడు, పిల్లలే రాలేదు. "ఈ వేసవిలో పదిమందన్నా చేరకపోతే మూసెయ్యడమేరా" అన్నాడు బాబాయి. "మామిడి వ్యాపారుల్ని పిలువు బాబాయ్, చూశాక వాళ్ల పిల్లల్ని వాళ్లే పంపుతారు. తెర మీద చెట్టు మొలిపిస్తా. చుట్టూ తిరిగి చూసినట్టు కనపడుద్ది" అని కోతలు కోశాను.

చెట్టంటే ముందు ఒక గీత, అది మొదలు. దాన్నే ఇంకోటి చేసి, కుదించి, కాస్త తిప్పి, మొదలు కొసకి జరిపితే కొమ్మ. ఆ కొమ్మకి మళ్లీ అదే పని, దాని రెమ్మకి మళ్లీ అదే. ఇలా పొర మీద పొర వేసి, చివర్న మొత్తం చెట్టుని గిర్రున తిప్పాలి. (దీన్ని ఫ్రాక్టల్ అంటారని చెప్పడానికి అద్దం ముందు ప్రాక్టీసు కూడా చేశాను.) "ముందోసారి వేసి చూసుకోరాదా" అంది పిన్ని. "నీకు తెలీదులే పిన్నీ" అన్నాను.

వ్యాపారులొచ్చారు, చెప్పులు విప్పారు, పిన్ని ఇచ్చిన మజ్జిగ తాగారు. తెర మీద గీత తర్వాత గీత పడింది. మొదలు నడిమధ్య నిలబడింది, కొమ్మలు మాత్రం దాన్ని అంటకుండా గాల్లో తేలాయి. రెమ్మలైతే తెర అంచులకి పోయి వేలాడాయి. తిప్పి జరపాల్సినవాణ్ణి, జరిపి తిప్పాను. కొమ్మ తన మొదట్లో తిరక్కుండా చెట్టు మొదలు చుట్టూ తిరిగి ఎక్కడికో పోయింది.

ముందు వరసలో రసాల షావుకారు (చిన్నరసాల తోటలన్నీ ఆయనే కొనేవాడు) నాలుక చప్పరించాడు. "అయ్యయ్యో, గాలివాన! నిరుడు ముసునూరు తోటలో అచ్చం ఇట్టాగే ఇరిగినయ్యి. ఏం అబ్బాయ్, గాలివానేగా?"

బాబాయి నా మొహంలోకి చూశాడు. "అవునండీ" అన్నాను.

"ఈ ఏడొచ్చేదేనా?"

"అవునండీ." (ఆ రెండో అవును ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కాదు.)

మా కంప్యూటరు గాలివానని ముందే చెప్పిందని ఊరంతా పాకి, ఆ వారమే బెంచీలు చాలనంత మంది పిల్లలు చేరారు. షావుకారు కొడుకూ చేరాడు. బాబాయి నన్ను పదిమందిలో "మావాడు" అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం షావుకారు రిక్షా నిండా పచ్చికాయలేసుకుని దిగాడు. "మీ గాలివానకి భయపడి ముదరకుండా కోయించాను. ఆకన్నా కదల్లేదు. కొనేవాడు లేడు, మీరే తినండి."

బుట్టల మధ్య నిలబడి చెప్పేశాను. "అది గాలివాన కాదండీ. చెట్టు వెయ్యడం నాకు రాలేదు."

"ఆ ముక్క ఆ రోజే అనుంటే కాయలు చెట్టు మీదుండేవి, మావాడు ఇంట్లో ఉండేవాడు" అన్నాడాయన. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "వాణ్ణి మాన్పించన్లే. చెట్టు నిలబెట్టడం వాడికన్నా నేర్పు, నువ్వు నేర్చుకున్నాక" అన్నాడు.

ఆ కాయలన్నిటికీ పిన్ని ఆవకాయ పెట్టింది. ఏడాదంతా, రెండు పూటలా, నా కంచంలో ముందు అదే పడేది. "తిను నాయనా, నీ ఫలసాయమే" అనేది.

మొన్న మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఇలాంటి బొమ్మలే వేస్తూ, "నాన్నా, కొమ్మ ఎగిరిపోతోంది, ఎందుకో తెలీట్లేదు" అంది. "ముందు తిప్పి, తర్వాత జరుపమ్మా" అన్నాను. చెట్టు బుద్ధిగా నిలబడింది. "నీకెలా తెలుసు?" అని ఆశ్చర్యపోయింది. కంప్యూటర్ మాస్టార్నమ్మా అందామని నోరు తెరిచాను. నోట్లో నీళ్లూరాయి, ఆవకాయ పులుపు.