మందు కొట్టిన మినుములు

రావికమతం దగ్గర లోవమ్మ కుటుంబానికి వానే ఆధారమైన మెట్టచేను ఉంది. వాన మొహం చాటేస్తే ఏదో ఒక పంటయినా దక్కుతుందని ఆ ఏడు ఆమె మొక్కజొన్న సాళ్ల మధ్య మినుములు వేసింది. పుట్టింటికెళ్లి వచ్చేసరికి జానెడెత్తు మినుములన్నీ మాడిపోయి, చేనంతా మందు కంపు కొడుతోంది.

"ఏటిది మావా?" అని భర్త మన్మథరావును నిలదీసింది.

"కలుపు తియ్యలేక, మొక్కజొన్నకి కొట్టే కలుపుమందు కొట్టీసేను. మొక్కజొన్న బాగానే ఉంది కదేటి?" అంటూ అతను నవ్వాడు.

మర్నాడే లోవమ్మ ఆ మందు కొట్టిన స్ప్రేయర్ని పాతసామాన్లవాడికి ఇచ్చేసింది. మరుసటేడు మళ్లీ మినుములు వేసి, అతని చేతనే కలుపు తీయించింది. పంట ఇంటికొచ్చింది. మినపరొట్టె బాగుందని అతను లొట్టలేస్తుంటే, నిరుటి నవ్వు గుర్తొచ్చి ఆమె చీదరగా మొహం తిప్పుకుంది.