మందులన్న అడిగే పాత పొట్లం

మందులన్న పోయారని బుధవారం పొద్దున పాలావిడ చెప్పింది. అప్పుడు దేవుడి ముందు వత్తి సర్దుతున్నాను. వెలిగించి, దణ్ణం పెట్టుకుని, ఆ తరువాతే లేచాను. తెల్లవారేలోపే నిద్రలో పోయారట. గుండె సరిగా లేదని కొన్నాళ్లుగా తెలుసు. తెలిసినా ఇంకొంత కాలం ఉంటారనే అనుకున్నాను. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

సముద్రం ఒడ్డున ఉన్న ఈ అరవ ఊళ్లో తెలుగువాళ్లలో చాలామందికి ఆయన తెలుసు. పెద్ద మార్కెట్ వెనక వీధిలో మందుల షాపు. యానాం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. చాలామందికి తండ్రి వయసువారైనా బజారంతా మందులన్న అనే పిలిచేది. మా పాత్రల అంగడి ఆ వీధి మొదట్లోనే. మా నాయన పోయినాక అంగడి, తమ్ముడు, రెండూ నా చేతికి వచ్చాయి. అందరికీ నేను పెద్దక్కను. ఆయన ఒక్కరే చెల్లెమ్మా అనేవారు.

కొత్తగా వచ్చినవాళ్లకు ఆయన పద్ధతి వింతగా ఉండేది. డాక్టరు నెలకు రాసినా వారానికే ఇచ్చేవారు. ముందు ఒంటికి పడుతుందో లేదో చూద్దామనేవారు. పాత క్యాలెండరు కాగితాలు చించి పొట్లాలు కట్టేవారు. మా ఇళ్లలో మాట తెలుగే గానీ చదవడం వచ్చినవాళ్లు తక్కువ. అందుకని పొట్లం మీద బొమ్మ గీసేవారు. పొద్దుటికి నీళ్ల మీద సగం సూర్యుడు, మధ్యాహ్నానికి నిండు సూర్యుడు, సాయంత్రానికి ప్రమిద. ప్రమిదను మాత్రం తీరిగ్గా గీసేవారు, వత్తితో సహా.

మళ్లీ వారం వెళితే మొదటి మాట ఒకటే.

"పాత పొట్లం తెచ్చావా?"

మాత్రలు మిగిలి ఉంటే బల్ల మీద పరిచి లెక్కపెట్టేవారు. ఎందుకు మిగిలాయో అడిగేవారు. అది తెలిస్తేగానీ కొత్త పొట్లం కట్టేవారు కాదు. తిట్టేవారు కాదు. కానీ అడగడం మానేవారు కాదు.

జాలరిపేట కురుచికుప్పం నుంచి చేపలమ్మే ముసలావిడ ఒకామె వచ్చేది. ప్రతి వారమూ నిండు సూర్యుడి పొట్లం కట్టింది కట్టినట్టు తిరిగొచ్చేది. మూడో వారం ఆమెను కూర్చోబెట్టి అడిగారు. మధ్యాహ్నం వేళ తాను గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లో ఉంటానని, మాత్ర మింగడానికి గుక్కెడు నీళ్లు ఎవరిస్తారని ఆమె అరవంలో ఎదురడిగింది. ఆయన షాపు మూసి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. మందు పొద్దుటికీ సాయంత్రానికీ మారింది. ఆ తరువాత ఒక్క మాత్రా మిగలలేదు. ఆ రోజు నేను షాపులోనే ఉన్నాను. "మనిషి చెప్పనిది మిగిలిన మాత్ర చెబుతుంది చెల్లెమ్మా" అన్నారు. విన్నాను. విని కూడా, నేను చేసింది చేశాను.

మాలో ఒక అలవాటు ఉండేది. ఇంట్లో ఎవరైనా పోతే, పెద్దకర్మ అయినాక వాళ్ల పాత చాపతో, బట్టలతో పాటు మిగిలిన మందులు కూడా సముద్రంలో కలిపేవాళ్లం. మందులన్నకు అది గిట్టేది కాదు. ఎవరింట్లో అయినా పోయారని తెలిస్తే వచ్చి వీధి తిన్నె దగ్గర నిలబడేవారు. అదీ ఇదీ మాట్లాడి, చివరికి మందులు అడిగేవారు. "సముద్రానికేం జబ్బమ్మా, దానికి మందు పోస్తున్నారు?" అనేవారు. మూత తీయనివి డాక్టరుకు చూపించి ఉచిత ఆస్పత్రికి పంపేవారు. విడి మాత్రలు, తేమ పట్టినవి కల్వంలో నూరి సున్నంలో కలిపి పెరట్లో పూడ్చేవారు. పనికొచ్చేదేదో పనికిరానిదేదో తేల్చుకునే ఓపిక ఆయనకే ఉండేది.

పక్క నూనె అంగడాయన ఒకసారి ఎగతాళి చేశాడు.

"పిండం కాడికి కాకి కంటే ముందర మీరు వస్తారే, మందులన్నా."

"కాకి మెతుకు వదలదు, నేను మాత్ర వదలను. ఇద్దరిదీ ఒకటే కులం" అన్నారాయన, నవ్వుతూ.

డెబ్బైల నడుమ మా తమ్ముడికి క్షయ వచ్చింది. తట్టాంచావడిలో ఒక వర్క్‌షాపులో పని చేసేవాడు. ఇరవై ఏడేళ్లు. మందు ఏడాదిన్నర తీసుకోవాలని డాక్టరు చెప్పారు. ప్రతి శుక్రవారం పొట్లాలు తెచ్చేది నేనే. మూడు నెలలకు దగ్గు పోయింది, ముఖం తేరింది. కానీ ఆ మాత్రలు వాడికి పడేవి కావు. వేసుకుంటే కడుపులో తిప్పి వాంతి అయ్యేది. ఒకరోజు ఆపేశాడు. నేను బతిమాలితే వాడు నన్ను బతిమాలాడు.

"నాకేందక్కా ఇప్పుడు? దున్నపోతు మాదిరి ఉండాను. మందులన్న దగ్గర మాత్రం చెప్పొద్దు. ఆ బల్ల మీద పరిచి అందరి ముందరా అడుగుతాడు. బజారంతా తెలిసిపోతాది."

వాడి భయం నాకూ న్యాయంగానే తోచింది. క్షయ ఉన్న ఇంటి అంగడిలో మంచినీళ్ల చెంబు ఎవరు కొంటారు? ఒకటి రెండు వారాలు చూద్దాం, మెల్లగా వాడే మళ్లీ వేసుకుంటాడు అనుకున్నాను.

దేవుడికి పెట్టిన పూలు వాడిపోతే మేము చెత్తలో వేయం. వారం పూలు బుట్టలో చేర్చి, శుక్రవారం సాయంత్రం సముద్రంలో విడిచి వస్తాను. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆ శుక్రవారం మిగిలిన మాత్రలు పూల మధ్య పెట్టాను. విడిచి, ఖాళీ పొట్లాలు తీసుకుని నేరుగా షాపుకు వెళ్లాను. మందులన్న పొట్లాలు విప్పి చూసి, ఏమీ మిగలలేదని సంతోషించారు. కొత్తవి కట్టారు.

అలా ఏడు నెలలు.

ఆ ఏడు నెలల్లో ఆయన నన్ను ఎంతమందికి చూపించి ఉంటారో. మాత్రలు మిగిల్చి తెచ్చినవాళ్లతో, "మా చెల్లెమ్మను చూసి నేర్చుకోండి, ఒక్కటి మిగలదు" అనేవారు. నేను తల వంచుకుని పొట్లాలు కొంగులో కట్టుకుని వచ్చేసేదాన్ని. అణకువ అనుకునేవారు.

వాడికి దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి నెత్తురు పడింది. అప్పుడు మళ్లీ మాత్రలు వేసుకున్నాడు, వాంతి అయినా వేసుకున్నాడు. మందు పనిచేయలేదు. ఆస్పత్రిలో చేర్చాం. సరిగా వేసుకున్నాడా అని డాక్టరు అడిగితే, నేను నోరు తెరిచేలోపే వాడు అవునన్నాడు. నేనూ తలూపాను. వర్షాలు మొదలయ్యేసరికి వాడు లేడు.

పెద్దకర్మ రోజు మందులన్న వచ్చి తిన్నె దగ్గర నిలబడ్డారు. చాలాసేపు నిలబడి వెళ్లిపోయారు. మందులు అడగలేదు. ఆయన అడగకుండా వెళ్లడం అదే మొదలు.

మరునాడు ఆస్పత్రి మందులు మిగిలినవి తీసుకుని నేనే వెళ్లాను. షాపు సగం మూసి ఉంది. పెరట్లో ఆయన కల్వం ముందు కూర్చుని ఉన్నారు. పక్కన వెయ్యి మాత్రల డబ్బాలు రెండు. ఒకటి అప్పటికే సగమైంది, రెండోదానికి సీలు కూడా తీయలేదు. తమ్ముడికి ఇచ్చిన మాత్రలే. గుప్పెడు గుప్పెడు వేసి నూరుతున్నారు. ఒక్క మాత్ర నేల మీద పడితే వంగి ఏరుకునే మనిషి.

"ఏం చేస్తున్నారన్నా?"

ఆయన తల ఎత్తలేదు.

"లెక్క ఒక్క వారం తప్పలేదు చెల్లెమ్మా. నువ్వు తప్పనివ్వలేదు. ఇక తప్పింది మందే. ఉప్పు గాలికి పాడైందో, రావడమే అలా వచ్చిందో. నేను చూసుకోవలసింది."

చెప్పడానికి అదే సమయం. నేను అబద్ధం ఆడానని తెలిసినా తమ్ముడిని నేనే చంపుకున్నానని ఆయన అనరు, నాకు తెలుసు. కానీ ఆ మాట నాకు నేను వినవలసి వస్తుంది. నిలబడ్డాను. ఆయన నూరుతూనే ఉన్నారు. తెల్లటి పొడి ఆయన చేతుల మీద, పంచె మీద పడుతోంది. మంచి మందు. ఎవరి ప్రాణమో నిలబెట్టవలసిన మందు. నా కళ్ల ముందే సున్నంలో కలిసింది.

ఆయన కంపెనీకి ఉత్తరం రాశారు. మందులో లోపం లేదని జవాబు వచ్చింది. మనిషి పోయినాక కాగితం ఏం చెప్తే ఏం అని దాన్ని మడిచి పెట్టేశారు. ఆ తరువాత పెద్ద డబ్బాలు కొనడం మానేశారు. చిన్నవే తెప్పించి, అవి అయ్యాకే మళ్లీ తెప్పించేవారు. ప్రతి డబ్బా వాసన చూసేవారు, ఒక మాత్ర విరిచి చూసేవారు. వచ్చినవాళ్లకు అది మంచే చేసింది. ఆయనకు మాత్రం తన చేతి మీద నమ్మకం పోయింది.

ఒకసారి చెప్పాలనే వెళ్లాను. చెప్పే బలం ఇమ్మని ఆ రోజు ప్రార్థించుకునే బయలుదేరాను. షాపులో ఒక చిన్న వయసావిడ మిగిలిన మాత్రలు బల్ల మీద పెట్టి నిలబడి ఉంది. మందులన్న నన్ను చూసి ఆమెతో అన్నారు, "ఇదిగో, ఈ అక్కలాగా ఉండాలమ్మా. ఇంట్లో అంత కష్టంలోనూ లెక్క తప్పలేదు." తలనొప్పి మాత్ర ఒకటి అడిగి తెచ్చుకున్నాను. దేవుడికి ఎన్నోసార్లు చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం సులువు. ఆయన బల్ల మీద పరిచి అడగడు.

ఈ మందుల పని చేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక్క మాట. మందులన్న లాగానే అడగండి, ఎందుకు మిగిలిందని. కానీ పక్కకు పిలిచి అడగండి. మందు ఇంటికి తెచ్చుకునే మనలాంటివాళ్లు, మిగిలింది మిగిలినట్టు తీసుకుపోయి చూపించండి. పక్కకు పిలవమన్నది ఆయన మీద ఫిర్యాదు కాదు. ఆయన అడిగారు. అబద్ధం తెచ్చి ఇచ్చింది నేను.

మందులన్న పెద్దకర్మ మరునాడు ఆయన భార్య, మా వదిన, కబురు పెట్టారు. చివరి రోజుల్లో డాక్టరుతో మాట్లాడి మందులన్నీ తగ్గించుకుని, సాయంత్రం ఒక్క మాత్రకే వచ్చారట. అదీ వారానిది వారానికే తనే పొట్లం కట్టుకునేవారట, శుక్రవారం నుంచి గురువారానికి.

"ఇది ఎవరికివ్వాలో తెలియడం లేదమ్మా. ఇలాంటివి తీసుకునేది ఆయనే కదా" అంటూ వదిన పొట్లం నా చేతిలో పెట్టారు.

ప్రమిద బొమ్మ ఉంది. వత్తి కొంచెం వంకర. విప్పి చూశాను. రెండు మాత్రలు. బుధవారానిది, గురువారానిది. లెక్క తప్పలేదు.

మొన్న శుక్రవారం పూలబుట్టతో సముద్రం దగ్గరికి వెళ్లాను. పొట్లం కొంగు ముడిలో ఉంది. పూలు విడిచాను. అవి కొంచెం దూరం పోయి మళ్లీ ఒడ్డుకే వచ్చాయి, మళ్లీ పోయాయి. కొంగు ముడి అలాగే పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఇప్పుడు ఆ పొట్లం దేవుడి గూట్లో ఉంది. రోజూ సాయంత్రం దీపం పెట్టాక విప్పి చూస్తాను. రెండు. మళ్లీ ఆయన మడతలోనే మడిచి, అక్కడే పెడతాను.