ఆరు రేకుల మసిబట్ట

మొన్న ఆదివారం మా అమ్మాయి ఏదో పెళ్ళి పని మీద హైదరాబాదు నుంచి వికారాబాదులోని మా ఇంటికి ఒక్కపూటకు వచ్చి, వస్తూనే సంచీలోంచి పువ్వు ఆకారంలో అల్లిన గుడ్డ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. వంటింట్లో గిన్నెలు తుడుచుకోవడానికట, ఆన్‌లైన్‌లో తెప్పించిందట. నేను ముందు దాన్ని వెనక్కి తిప్పి చూశాను; క్రోషియా తెలిసినవాళ్ళు ఎవరైనా వెనకవైపే చూస్తారు, ముడుల బండారమంతా అక్కడే కదా బయటపడేది. నీకూ వచ్చేదంటివి గదమ్మా, ఎందుకు ఇడిసిపెట్టినవ్ అని అడిగింది. కళ్ళు సరిగా ఆనడం లేదని ఏదో అబద్ధం చెప్పి తప్పించుకున్నాను. దానికి చెప్పని సంగతి మీకు చెబుతాను. పాలు మరవని పిల్లను ఇంట్లో వదిలి రైలెక్కి కొలువుకు పోయినవాళ్ళు మీలోనూ ఉండే ఉంటారు.

అప్పుడు మా కాపురం తాండూరులో, నా టైపిస్టు కొలువు వికారాబాదులో, అదీ టెంపరరీ. మా ఆయన నాపరాళ్ళ లారీ తోలేవాడు, లోడుతో పోయాడంటే నాలుగైదు రోజులకు గాని ఇంటి మొహం చూసేవాడు కాదు. ఏడాది నిండని పిల్లను అత్తమ్మ ఒళ్ళో పెట్టి పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే గడప తొక్కడం. ఫోను లేదు, కబురు లేదు. రైలు కదిలిందో లేదో నా బుర్రలో పురుగు తొలిచేది: పిల్ల వేడిపాలు మీద ఒలకబోసుకున్నట్టు, నీళ్ళ తొట్టిలోకి తొంగిచూస్తున్నట్టు, చిల్లర పైసా ఏదో నోట్లో పెట్టుకున్నట్టు. నా భయాలన్నీ చెప్పుకుంటూ పోతే ఈ కాగితం చాలదు.

ఆడవాళ్ళ పెట్టెలో రోజూ నా పక్కన ఒక ముస్లిం అక్క కూర్చునేది, ఆపా అని పిలిచేదాన్ని, వికారాబాదులోనే ఒక బడిలో కుట్టుపని నేర్పేది. నేను పొద్దస్తమానం కొంగు నలుపుకోవడం చూసి చూసి ఆమెకే విసుగు పుట్టి, ఒకనాడు కొన వంకర తిరిగిన సూదీ, తెల్ల నూలు ఉండా నా ఒళ్ళో పడేసింది. నడుమ చిన్న చుట్టు, చుట్టూ ఆరు గొలుసులు, ఒక్కో గొలుసు మీద ఒక్కో రేకు. నూలుదారం కాబట్టి నీళ్ళు బాగా పీలుస్తుంది, వంటింటికి పనికొస్తుందని చెప్పింది. నా మొదటి పువ్వు పూర్తయ్యేసరికి పదిహేను రోజులు పట్టింది. గొప్పగా ఇంటికి తీసుకుపోయి చూపిస్తే అత్తమ్మ బుగ్గ నొక్కుకుంది. మసిబట్టకు గింత సోకెందుకే అని నవ్వి, దాన్ని తీసి పొయ్యికి దూరంగా గూట్లో పెట్టేసింది. నాకు మనసు చివుక్కుమంది.

ఇక ఆ రోజు సంగతి. తెల్లవారి పిల్ల ఒళ్ళు పట్టుకుంటే కాలుతోంది. ఒక్క రోజు ఆగుదామంటే, ఇంకోసారి నాగా పెడితే ఆ కుర్చీలో వేరేవాళ్ళను కూర్చోబెడతానని పై ఆఫీసరు అప్పటికే రెండుసార్లు అన్నాడు. అత్తమ్మ నన్ను పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. నేనే పోయాను. పిల్ల ఏడుపు స్టేషన్ దాకా నా వెంట వచ్చినట్టే ఉంది. ఆ రోజు ఎన్ని కాగితాలు పాడుచేశానో నాకే తెలియదు.

సాయంత్రం బండి ధారూర్ దాటిందో లేదో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పేవాడు లేడు. అరగంట అయింది, గంట అయింది, కిటికీ బయట కంది చేలు మసకబారిపోయాయి. దిగి పట్టాల వెంట నడిచి పోతానంటే ఆపా రెక్క పట్టుకుని కూర్చోబెట్టి, సూది చేతికిచ్చింది. అల్లాను. అది నా రెండో పువ్వు; మొదటి మూడు రేకులు ముందే అల్లినవి, చక్కగా పరుచుకుని ఉన్నాయి. అప్పుడు అల్లినవి మాత్రం ముడి మీద ముడి బిగుసుకుపోయి, సూది దూరే సందు కూడా లేక, పువ్వు సగం దొప్పలా లేచి నిలబడింది.

"ఫికర్ నక్కో కర్ బిడ్డా, దారం జర ఢీలా ఇడువు," అంది ఆపా, నా దిగులు చూసి.

దారం ఎలా వదలాలో నా చేతులు మరిచిపోయాయి.

బండి తాండూరు చేరేసరికి రెండు గంటలు ఆలస్యం. స్టేషన్ నుంచి ఇంటికి పరుగే పరుగు, చెప్పు తెగితే అక్కడే వదిలేశాను. లోపలికి పోయేసరికి పిల్ల అత్తమ్మ తొడ మీద కళ్ళు మూసుకుని పడి ఉంది. దీపం వెలుగులో దాని నుదురు చూశాను, నా ప్రాణం పోయింది. నుదురంతా ఎర్రగా, గింజలు గింజలుగా దద్దులు! ఆ ఏడు మా వాడలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు తట్టు వచ్చి ఉంది. పెళ్ళయి వచ్చాక అత్తమ్మ ముందు గొంతెత్తని దాన్ని, వాకిట్లోవాళ్ళకు వినబడేలా అరిచాను.

"ఏం జూసుకున్నవ్ అత్తమ్మా! పిల్లకు తట్టు పోసింది, కండ్లు కానస్తలేవా!"

ఆమె ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత పక్కనున్న నీళ్ళ గిన్నెలోంచి తెల్లటి గుడ్డ ఒకటి పిండి, విప్పి చూపించింది. నా మొదటి పువ్వు.

"తట్టు గాదు పిల్లా, నీ పువ్వు అచ్చు. పొద్దుగాల్నుంచి తడిపట్టి కడుతున్న. ఏ బట్ట ఏసినా గుంజి పారేసుడే. అమ్మ చేతిదైతె ఊకుంటదేమో అని గూట్లకెల్లి గిది తీసిన. ఊకుంది. జెరం గూడ దిగింది, సూడు."

చూశాను. పిల్ల ఒళ్ళు చల్లగా, చెమట పట్టి ఉంది. అత్తమ్మ వేళ్ళు మాత్రం నీళ్ళలో నాని నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. నేను పిల్లను లాక్కుని ఏడుస్తూ కూర్చున్నాను తప్ప, ఆమెతో ఒక్క మాట అనలేదు. మర్నాడు సర్దుకుందామనుకున్నాను, మర్నాడు మళ్ళీ రైలు. ఆ దొప్ప పువ్వును అలాగే వదిలేశాను, సూది మళ్ళీ పట్టబుద్ధి కాలేదు. అత్తమ్మ పోయి కూడా చాలా ఏళ్ళయింది.

మొన్న ఆ ఆదివారమే భోజనాల దగ్గర మా అమ్మాయి ఒక చేత్తో తింటూ ఒక చేత్తో ఫోను చూస్తూనే ఉంది. మనవణ్ణి ఎండలో తిప్పడమెందుకని అక్కడే ఆయమ్మ దగ్గర వదిలి వచ్చింది. ఇంట్లో కెమెరా ఉంది కదా, వాడు పక్కకు ఒత్తిగిలినా ఇక్కడ కనబడుతుంది. మా రోజుల్లో ఏమీ కనబడక చచ్చేవాళ్ళం, ఇప్పుడు అన్నీ కనబడినా భయం వీసమెత్తు తగ్గలేదు. వాడి చెంప మీద ఎర్రటి గీత ఏదో కనబడగానే ఫోను చేసి ఆయమ్మను కడిగేయడం మొదలుపెట్టింది. దిండు గీత మేడం, ఇప్పుడే నిద్ర లేచిండు అని ఆమె చెబుతున్నా వినిపించుకోదే! ఆ గొంతు అచ్చం నాదే. ఇక ఉండబట్టలేక ఫోను లాక్కున్నాను.

"నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడిగాను ఆయమ్మను.

ఇంకా లేదమ్మా, బాబు ఇడుస్తలేడు అంది, మెల్లగా.

రెండేళ్ళు నేను ఆ రైల్లో తిరిగాను. ప్రతి సాయంత్రం ఇంట్లో కాలు పెడుతూనే పిల్ల తిన్నదా అని అడిగేదాన్ని. నువ్వు తిన్నవా అని మాత్రం మా అత్తమ్మను ఒక్కనాడూ అడగలేదు.