పేజీలో లేని వాక్యం

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. విజయవాడలో జరిగిన వైద్య వ్యాసాల సమావేశానికి నేను వెళ్లింది వ్యాసాల కోసం కాదు. సుహాసిని అనే అమ్మాయి ఎలా ఉంటుందో చూడటానికి.

అంతర్జాలంలో ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులో జబ్బులు, మందులు, ప్రథమ చికిత్సల గురించిన తెలుగు పేజీలను బాగుచేసే బృందంలో నేను రెండేళ్లుగా ఉన్నాను. చల్లపల్లిలో మందుల షాపులో బిల్లులు కొట్టే మాధవిగా కాదు, ‘కరకట్ట’ అనే వాడుకరి పేరుతో. ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. ‘పాముకాటు’ పేజీని చాలా భాగం నేనే పెంచాను. ఆర్నెల్ల కిందట అందులోకి సుహాసిని వచ్చింది. నేను మూడు వాక్యాల్లో చెప్పింది ఆమె ఒక్కదానిలో చెప్పేది. ప్రతి పేజీకీ జతగా, రాసేవాళ్లు మాట్లాడుకునే చర్చాపేజీ ఉంటుంది, అందులో అందరూ ఆమెనే మెచ్చుకునేవారు. ఒకరోజు నా వాక్యం ఒకటి తీసేసి, కారణం దగ్గర “మూలం లేదు” అని రాసి వెళ్లిపోయింది.

ఆ వాక్యం ఇది: “కట్లపాము కరిస్తే నొప్పి, వాపు ఉండకపోవచ్చు, గాటు కూడా కనపడకపోవచ్చు, ఏమీ కాలేదనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.”

మా పిన్ని కింద చాప మీద పడుకుని లేచి, కడుపులో నొప్పి వస్తే అజీర్తి అనుకుని సోడా తాగింది. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి. ఆసుపత్రిలో ఒక నర్సు ఆ రెప్పలు చూసి కట్లపాము కాటని పోల్చుకోబట్టి బతికింది. కానీ మా పిన్ని మూలం కాదు. అచ్చయిన వైద్య పుస్తకమో, పత్రికో చూపించాలి. అది మా నియమం. తెలుగు పుస్తకాల్లో ఎంత వెతికినా అంత సూటిగా చెప్పింది నాకు దొరకలేదు.

ఈ సమావేశంలో ఆ పేజీని ఖరారు చేసి, కరపత్రంగా అచ్చువేసి దివిసీమ పల్లెల్లో పంచుతామన్నారు. ఆ వాక్యం లేకుండా వెళ్తుందని నాకు బాధ. సుహాసిని పేజీగా వెళ్తుందని ఇంకా బాధ.

బ్యాంకు పరీక్షల కోచింగ్ గురించి కనుక్కుని వస్తానని ఇంట్లో చెప్పి, శుక్రవారం పొద్దున్నే చల్లపల్లి బస్టాండులో విజయవాడ బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. వెళ్లేవాళ్లు కార్డు మరిచిపోవద్దు. కూచిపూడిలో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. మనవరాలికి డాన్సు క్లాసు దగ్గర టిఫిన్ బాక్సు ఇచ్చి వస్తోందట.

“ఈ కార్డులో మొహం చూశావా అమ్మాయ్? కండక్టరు ఇది నేను కాదంటే నేనూ కాదనలేను” అంది.

పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు. దారంతా కుడివైపు కిటికీ దొరికితే కాలవ కనిపిస్తుంది. తొమ్మిదిన్నరకు పెద్ద బస్టాండులో దిగాను. ఎదురుగా నాలుగు ఇడ్లీలు నేతికారంతో తిని, షేరింగ్ ఆటోలో గవర్నర్‌పేట చేరాను. ఒక గ్రంథాలయం పై అంతస్తులో సమావేశం.

నిర్వహించేది ప్రసాదరావు గారు, టెలిఫోన్ శాఖలో చేసి రిటైరయ్యారు. రిజిస్టరులో మాధవి అని రాశాను. వాడుకరి పేరు గడి ఖాళీగా వదిలేశాను.

“కొత్తా అమ్మా?” అన్నారు.

తలూపాను. ఆ వెంటనే వెనక బెంచీకి వెళ్లి కూర్చున్నాను.

సుహాసినిని ఎవరూ చూపించక్కర్లేదు. అందరూ ఆమె చుట్టూనే ఉన్నారు. హనుమాన్ జంక్షన్ అమ్మాయి, నర్సింగ్ చివరి సంవత్సరం. పొడుగు. కీబోర్డు చూడకుండా తెలుగు టైపు చేస్తుంది. నవ్వితే పలువరస కూడా తీరుగా ఉంది. అది నాకు మరీ అన్యాయంగా తోచింది. రాసేవాళ్లలో చాలామంది నాలాగే ఎక్కడో మూల దాక్కుని రాస్తారనీ, బయట పెద్దగా ఎవరికీ పట్టరనీ అనుకుని ధైర్యం చెప్పుకునేదాన్ని. ఈమె బయట కూడా బాగుంది.

భోజనాల దగ్గర ప్రసాదరావు గారు ఆమెకు అడక్కుండానే దొండకాయ వేపుడు మారు వడ్డించారు. నేను గిన్నె వంక చూశాను. గిన్నె అటే వెళ్లిపోయింది.

దూరం నుంచి వచ్చిన ఆడవాళ్లకు దగ్గర్లోని లేడీస్ హాస్టల్లో గదులు చెప్పి ఉంచారు. గది శుభ్రంగా ఉంది, బకెట్లో వేణ్ణీళ్లు అడిగితే ఇస్తారు. నాకు పడిన గదిలో రెండో మంచం సుహాసినిది. సాయంత్రం బీసెంట్ రోడ్డుకు నన్ను కూడా లాక్కెళ్లింది. క్లిప్పులు బేరమాడుతూ అంది:

“మీరు పాముకాటు పేజీ చూశారా మాధవి గారూ? అందులో కరకట్ట అని ఒకాయన ఉన్నారండీ. ఎవరో రిటైర్డ్ డాక్టరుగారని నా అనుమానం. ఏది రాసినా పొలం గట్టు మీద నిలబడి చూసినట్టే ఉంటుంది. నాకు పుస్తకం చూడందే ఒక్క ముక్క రాదు.”

“ఆయనతో మాట్లాడలేదా?” అన్నాను.

“చర్చాపేజీలో పలకరిస్తే అవును, కాదు అంటారు. నేనంటే కోపమనుకుంటా.”

ఆ క్షణంలో చెప్పొచ్చు. చెప్పలేదు. పైగా, లేని ఆ డాక్టరుగారి మీద కూడా అసూయ కలిగింది. ఆయన గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతు అంత మెత్తగా ఉంది.

రెండోరోజు అసలు పని. మా బృందంలో ఒక ఆచారం ఉంది. పేజీ ఖరారయ్యే ముందు దాన్ని రాయని మనిషి చేత పైకి చదివిస్తారు. అర్థంకాని చోట వినేవాళ్లు చెయ్యెత్తుతారు. చెయ్యి లేచిన ప్రతి వాక్యాన్నీ మళ్లీ రాస్తారు. వినడానికి డాక్టర్ గ్రేస్ గారు అనే ఆవిడ కూడా వచ్చారు, పల్లె ఆసుపత్రుల్లో చాలా ఏళ్లు చేసినావిడ.

“కొత్తమ్మాయి చేత చదివిద్దాం. పేజీ ఇంకా చూసి ఉండదు” అన్నారు ప్రసాదరావు గారు.

లేచాను. గోడ మీది తెరపై ఉన్నది లక్షణాల భాగం, అంటే పూర్తిగా సుహాసిని దిద్దిన భాగం. మొదట నా గొంతు నాకే వినపడలేదు. “కొంచెం గట్టిగా తల్లీ” అన్నారెవరో. నాలుగైదు వాక్యాలు చదివేసరికి ఒక్క చెయ్యి కూడా లేవలేదు. నా రాతకు చేతులు లేచేవని నాకు తెలుసు. నీళ్లలా సాగుతున్న ఆ వాక్యాలు నా నోటితోనే చదువుతుంటే కడుపు మండిపోయింది. ఆ మంటలో తెర మీంచి చూపు తప్పింది కానీ నోరు ఆగలేదు. రక్తపింజర అయిపోయి కట్లపాము దగ్గరికి వచ్చాను.

“ఆ ముక్క మళ్లీ చదువమ్మా” అన్నారు డాక్టరుగారు.

“ఏమీ కాలేదనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి” అన్నాను.

“ఇది చాలా అవసరం. ఇది తెలియకే మా దగ్గరికి ఆలస్యంగా తెచ్చేవాళ్లు.”

ప్రసాదరావు గారు కళ్లజోడు సర్దుకుని తెర వైపు వంగారు. “ఎక్కడుందమ్మా అది? ఇక్కడ లేదే.”

పేజీలో లేనిది చదివేశాను. ఏడాదిగా నోటికి వచ్చిన వాక్యం అలవాటుగా తన చోట తాను వచ్చి నిలబడింది.

సుహాసిని లేచింది. “అది కరకట్ట గారి వాక్యం. నేనే తీసేశాను. మీకెలా...” అని ఆగిపోయింది. నా మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, నిన్న బజారులో మీ ఎదురుగానే ఆయన, ఆయన అంటూ అంత వాగానా!”

గదంతా నవ్వింది. ప్రసాదరావు గారు రిజిస్టరు తెచ్చి ఖాళీ గడి నా చేత నింపించారు. మా పిన్ని సంగతి చెప్పాను. సోడా తాగడంతో సహా చెప్పాను.

“సరే, డాక్టరుగారు చెప్పారుగా, పెట్టేద్దామా?” అన్నారొకరు.

“నేను కూడా మూలం కాదు బాబూ. పుస్తకం చూపించండి” అన్నారావిడ.

టీ గ్లాసులు ఇంకా అందరికీ అందకముందే సుహాసిని ప్రభుత్వ చికిత్సా మార్గదర్శకాల ఇంగ్లీషు పుస్తకం కంప్యూటర్లో తెరిచి, ఆ మాటే ఉన్న పేజీ చూపించింది. “తీసేసిన రోజే వెతకాల్సింది” అని తనలో తాను అనుకుంటూ, మూలంతో సహా నా వాక్యాన్ని అక్షరం మార్చకుండా తిరిగి పెట్టింది. చప్పట్లు కొట్టారు. ఎవరు ఏం మార్చారో నమోదయ్యే చరిత్ర పేజీలో ఆ వాక్యం చేర్చినవారు: సుహాసిని.

నాకు సంతోషంగా ఉండాలి. నెలల తరబడి వెతికింది నేను. దొరికింది ఆమెకు. టీ చల్లారిపోయింది.

తిరుగు ప్రయాణం సాయంత్రం అయిదింటి బస్సు. చల్లపల్లి వైపు వెళ్లేవి చాలా ఉన్నాయి, ముందుగా వెళ్తే సీటు దొరుకుతుంది. సుహాసిని కూడా అదే బస్సెక్కింది. ఉయ్యూరులో అమ్మమ్మ వాళ్లింటికట, ఆదివారం చర్చిలో పాట పాడాలట. పాటలు కూడా పాడుతుందన్నమాట.

పెనమలూరు దాటాక తనే మొదలుపెట్టింది. “చరిత్రలో నా పేరు పడిందని మీకు కష్టంగా ఉంది కదండీ.”

“అదేం లేదు.”

“ఉంది. నాకైతే ఉండేది. ఒక పని చేస్తా. ఇంటికెళ్లి ఆ వాక్యం తీసేస్తా. మీరు మూలంతో పెట్టుకోండి. మీ పేరే ఉంటుంది.”

నిజం చెప్పాలంటే సరేనందామనే అనిపించింది. ఆమె తీసేశాక నేను ఇంటికి చేరాలి, సిగ్నల్ రావాలి, పెట్టాలి. ఆ మధ్యలో ఎక్కడో ఎవరో చాప మీంచి లేచి కడుపునొప్పి అంటే, పక్కనున్నవాళ్లు ఫోనులో ఆ పేజీ తెరిస్తే? కిటికీలోంచి చెరుకు తోటలు చీకట్లో కలిసిపోతున్నాయి.

“వద్దు. అలాగే ఉంచండి” అన్నాను.

ఆ మాట అన్నందుకు మనసేమీ తేలికపడలేదు. ఈ రెండు రోజుల ప్రయాణంలో నాకు తేలింది ఇంతే: అసూయ బస్సు దిగదు, పక్క సీట్లోనే వస్తుంది. కానీ దాన్ని పక్కన పెట్టుకుని కూడా ఒక సరైన పని చేయవచ్చు. ఇలాంటి సమావేశాలకు వెళ్లాలనుకునే వాళ్లు వాడుకరి పేరు గడి నింపండి.

ఉయ్యూరు వచ్చింది. సుహాసిని సంచీ భుజాన వేసుకుని దిగింది. బస్సు కదిలేలోపు వెనక్కి తిరిగి నా కిటికీ దగ్గరికి వచ్చి, చువ్వ పట్టుకుని అంది:

“మీ పిన్నిగారికి చెప్పండి మాధవి గారూ, ఆవిడ వాక్యం పేజీలో ఉందని.”