అమ్మ విప్పిన చిక్కు

ఇవాళ మా వీధిలో ఎవరో పాత మోటారుసైకిల్ ట్యాంకు విప్పారు. ఆ పెట్రోలు వాసన నన్ను చిన్నతనంలోకి లాక్కుపోయింది. నా ఈడువాళ్లకు పక్కతొట్టి బండ్లు, అదే సైడ్‌కార్ తగిలించిన మోటారుసైకిళ్లు, గుర్తున్నాయా? పటాలంలో పనిచేసి వచ్చిన మా నాన్నకు అట్లాంటిదొకటి ఉండేది.

ఒకనాడు తమ్ముడికి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. నాన్న అమ్మనూ మమ్మల్నీ తొట్టిలో కూర్చోబెట్టుకుని కోదాడ నుంచి సూర్యాపేట దవాఖానకు బయలుదేరాడు. కొంతదూరం పోయి బండి ఆగింది. కాసేపాగి తంతే కదిలి, మళ్లీ ఆగిపోయింది. నాన్న ఇంజను దగ్గర గొట్టం ఊడదీస్తే పెట్రోలు చుక్కలుగా కారుతోంది.

“ట్యాంకుల మస్తుగున్నది. మరి కిందికెందుకు వస్తలేదు?”

గొట్టంలో తీగ దూర్చి చూశాడు. అడ్డమేమీ లేదు. ట్యాంకులోకి చూద్దామని మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి పోయింది. చుక్కలు ధారయ్యాయి.

అమ్మ తమ్ముణ్ణి నా ఒళ్లో పెట్టి గబగబా దిగింది.

“జర ఆ మూత ఇటియ్యి. నూనె డబ్బాకు ఒక్కటే తూటు పొడిస్తే నూనె కారదు గదా! దీనికి గాలి ఆడ్తలేదయ్యా.”

మూతకున్న సన్నని రంధ్రం మట్టితో పూడిపోయింది. అమ్మ పిన్నీసుతో దాన్ని పొడిచింది. ఇక బండి సూర్యాపేట దాకా ఆగలేదు.

సాయంత్రానికి తమ్ముడు కళ్లు తెరిచి మంచినీళ్లడిగాడు. ఎంత ఏడ్చామో!

వాడు కోలుకుని ఇంటికి బయలుదేరిన రోజు, నాన్న హ్యాండిల్ అమ్మవైపు తిప్పాడు.

“ఇగ నువ్వు నడుపు. నేను పిల్లలతోని తొట్టిల కూసుంట.”

ఊరి బయట నేర్చుకోవడమే తప్ప ఎన్నడూ రోడ్డు మీద నడపని అమ్మ కొంగు బిగించి ఎక్కింది. దారి పొడుగునా చేలల్లో ఆడవాళ్లు నాట్లు ఆపి, నడుములెత్తి చూశారు.